చాపెరి అని ఇచ్చారు, మగదాని గొంతు ఎర్రగా ఉంది. ఇది ఏ కిల్లీ చేప? గుడ్లన్నీ ఎందుకు తెల్లబడుతున్నాయి?

గాజుపెట్టె77
రెండు నెలల క్రితం ఒక జత కిల్లీలు తెచ్చుకున్నాను. సంచి మీద మార్కర్‌తో "ఎపిప్లాటిస్ చాపెరి, పశ్చిమ ఆఫ్రికా" అని రాసి ఉంది. అంతకు మించి ఒక్క ముక్క లేదు. ఆడది ఒక్కటే ఉంటే మగది దాన్ని వెంటాడి హింసిస్తుందని చదివి, మూడు వారాల కిందట ఇంకోచోటి నుంచి మరో ఆడదాన్ని తెచ్చి కలిపాను.

మగది 5 సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ. సన్నగా పొడుగ్గా ఉంటుంది, తల పైభాగం బల్లపరుపు, నోరు పైకి తిరిగి ఉంటుంది. ఒంటి మీద నల్లటి నిలువు పట్టీలు. కింది దవడ నుంచి గొంతు దాకా కుంకుమ అద్దినట్టు ఎరుపు. నెట్‌లో చాపెరి అని వెతికితే కొన్ని ఫోటోల్లో ఈ ఎరుపు ఉంది, కొన్నిట్లో లేదు. ఏది నమ్మాలి?

రెండో గోల గుడ్లు. గుడ్లు పెట్టడానికి దారాల కుచ్చు, అదే మాప్, వేలాడదీశాను. రోజూ ఐదారు గుడ్లు దొరుకుతున్నాయి. తీసి చిన్న డబ్బాలో వేస్తే రెండు మూడు రోజుల్లో తెల్లబడి బూజు పట్టేస్తున్నాయి. ఇప్పటికి 60కి పైనే తీశాను. ఓ పదింటిలో కళ్ళు కనిపించాయి, అవి కూడా అలాగే ఉండిపోయాయి తప్ప బయటికి రాలేదు. మగదాని ఫోటోలు రెండు, మొత్తం ట్యాంక్ ఫోటో ఒకటి పెట్టాను.

తోకచుక్క
గార్డ్నెరి. కళ్ళు మూసుకుని చెప్తా.

మాప్‌మామ
@తోకచుక్క కళ్ళు మూసుకుని చెప్పినట్టే ఉంది. గార్డ్నెరి మగదానికి ఒళ్ళంతా ఎర్ర చుక్కలుంటాయి, పట్టీలు ఉండవు. ఒకసారి కళ్ళు తెరిచి ఫోటో చూడండి.

తోకచుక్క
ఫోన్‌లో చూశా అన్నా, చిన్నగా కనిపించింది. వెనక్కి తీసుకుంటున్నా.

సున్నపునీళ్ళు
పట్టీలు ఎన్నో లెక్కపెట్టండి. ఆరుంటే సెక్స్‌ఫాసియేటస్. ఆ పేరుకి అర్థమే ఆరు పట్టీలు.

గాజుపెట్టె77
లెక్కపెట్టాను. ఎడమ వైపు 5, కుడి వైపు 6. నేను చెప్పేది జోక్ కాదు.

తోకచుక్క
అయితే ఎడమ వైపు ఒక జాతి, కుడి వైపు ఇంకో జాతి. కేసు క్లోజ్.

సున్నపునీళ్ళు
నవ్వుకోండి గానీ లెక్క ముఖ్యమే. పుస్తకాల్లో మొదట రాసేది అదే కదా.

పంచాక్స్‌పిచ్చి
పట్టీల లెక్క ఒక్కటే పట్టుకుని కూర్చుంటే మోసపోతాం. ఒకే ఈనులో పుట్టిన పిల్లల్లో కూడా ఒకటి అటూ ఇటూ ఉంటుంది. రెండు పట్టీలు కలిసిపోయి ఒకటిలా కనిపించడం, భయపడినప్పుడు వెలిసిపోవడం కూడా మామూలే. పైగా సెక్స్‌ఫాసియేటస్ చాలా పెద్దది, 10 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. మీది 5 దగ్గర ఆగి, రంగు పూర్తిగా దిగి, గుడ్లు కూడా పెట్టిస్తోంది కాబట్టి పిల్ల చేప కాదు.

గాజుపెట్టె77 గారూ, మీది చాపెరి కాదు, ఎపిప్లాటిస్ డగెటి. అందులోనూ ఎర్ర గొంతు రూపం. మీకు ఇచ్చినవాళ్ళు కావాలని మోసం చేశారని అనుకోవద్దు. ఈ తప్పు వాళ్ళతో మొదలైంది కాదు, దీనికి వందేళ్ళ వయసుంది.

చాపెరి అనే చేపను ఫ్రెంచి శాస్త్రవేత్త సావాజ్ 1882లో వర్ణించాడు. ఆ తర్వాత 1908లో ఎర్ర గొంతు చేప ఒకటి జర్మనీకి వచ్చింది. చూడ్డానికి దగ్గరగా ఉంది కదా అని దానికి చాపెరి పేరు తగిలించారు. పెంచడం సులువు, ముద్దుగా ఉంటుంది, గుడ్లు తేలిగ్గా పెడుతుంది. దాంతో చేతులు మారుతూ ప్రపంచమంతా తిరిగింది, పేరు కూడా దాంతోపాటే తిరిగింది. 1953లో బెల్జియం శాస్త్రవేత్త మాక్స్ పోల్, ఫ్రెంచి శాస్త్రవేత్త జాక్ డజే పేరు మీద డగెటి అనే కొత్త జాతిని వర్ణించాడు. 1960ల్లో లైబీరియా వైపు ఎర్ర గొంతు రూపానికి మన్రోవియే అనే ఉపజాతి పేరు వచ్చింది, మన్రోవియా నగరం పేరు మీద. అప్పుడు గానీ తేలలేదు, దశాబ్దాలుగా చాపెరి అని పిలుస్తూ వచ్చింది ఇదేనని. శాస్త్రవేత్తలు దిద్దుకున్నారు, సంచుల మీద మార్కర్ మాత్రం ఇంకా దిద్దుకోలేదు.

మీరు చూసిన ఫోటోల్లో ఎరుపు కొన్నిట్లోనే ఉండటానికి కారణం ఇదే. ఎర్ర గొంతువి చాలావరకు పేరు తప్పిన డగెటిలే.

గాజుపెట్టె77
అమ్మో. అంటే నా సంచి మీద 1908 నాటి తప్పు ఉందన్నమాట.

రాత్రిగుడ్లగూబ
నేను మొదటిసారి కొన్నప్పుడు "చేప పేరేంటి?" అని అడిగితే "చాపెరి" అన్నాడు. నా మాటే నాకు తిప్పి చెప్తున్నాడనుకుని మళ్ళీ అడిగా. మళ్ళీ చాపెరి అన్నాడు. ఇద్దరం కాసేపు అలాగే నిలబడ్డాం.

బుడగలమెషీన్
😂😂 ఈ థ్రెడ్‌కి ఇది చాలు

రాత్రిగుడ్లగూబ
నవ్వు సరే గానీ @పంచాక్స్‌పిచ్చి, నాలుగేళ్ళుగా నా ట్యాంక్ మీద చాపెరి లేబుల్ ఉంది. దాని గొంతు కూడా ఎరుపే. ఇప్పుడు లేబుల్ పీకేయాలా?

పంచాక్స్‌పిచ్చి
పీకేయండి.

కొలనుగట్టు
డగెటి అనాలా, డజెటి అనాలా? మనిషి పేరు డజే అయితే డజెటి కదా.

మాప్‌మామ
చేపకైతే ఏ అభ్యంతరమూ లేదు. నేను ఇరవై ఏళ్ళుగా డగెటి అంటున్నా, గుడ్లు పెడుతూనే ఉన్నాయి.

పాతఅట్లాస్
గుర్తింపులో మ్యాప్ కూడా పనికొస్తుంది, ఎవరూ దాని ఊసెత్తలేదు. పశ్చిమ ఆఫ్రికా తీరం వెంట అడవి ఏకంగా సాగదు. ఘనా తూర్పు భాగం, టోగో, బెనిన్ దగ్గర అడవి తెగిపోయి పొడి గడ్డిభూమి సముద్రం దాకా వస్తుంది. దీన్ని దహోమీ గ్యాప్ అంటారు. అడవి చేపలకు ఇది పెద్ద అడ్డుగోడ. దానికి పడమర గినీ, సియెరా లియోన్, లైబీరియా, ఐవరీ కోస్ట్. తూర్పున నైజీరియా, కామెరూన్, ఇంకా కిందికి గాబోన్. డగెటిది పడమటి వైపు, లైబీరియా నుంచి ఐవరీ కోస్ట్ మీదుగా ఘనా నైరుతి దాకా. గార్డ్నెరిది తూర్పు వైపు, నైజీరియా, కామెరూన్. ఆస్ట్రాలే అనే ఇంకో కిల్లీది గాబోన్ వైపు. అందుకే "పశ్చిమ ఆఫ్రికా" అని మాత్రమే రాసిన లేబుల్ పెద్దగా ఏమీ చెప్పనట్టే. ఏ దేశమో తెలిస్తే సగం జాతుల్ని అక్కడికక్కడే కొట్టేయొచ్చు.

సున్నపునీళ్ళు
సంచిలో వచ్చిన చేపకు దేశం ఎలా తెలుస్తుంది సార్?

పాతఅట్లాస్
తెలియదు. నా గోల కూడా అదే. చేపను పట్టినవాళ్ళు ఊరు పేరో, దేశం సంకేతం, ఏడాది, స్థలం నంబరు కలిపిన కోడో రాస్తారు. గార్డ్నెరి చూడండి, మకుర్డి, అకురే, న్సుక్కా, మిసాజే అని ఒక్కో ఊరి చేపను ఒక్కో పేరుతో విడిగా పెంచుతారు. మూడు చేతులు మారేసరికి ఆ ఊరి పేరే ముందు రాలిపోతుంది.

కొలనుగట్టు
ఇంకో పక్కదారి ప్రశ్న. కిల్లీ అంటే చంపేదా? మా వాళ్ళు ఆ పేరు విని ట్యాంక్ దగ్గరికి రావట్లేదు.

పాతఅట్లాస్
డచ్చి భాషలో కిల్ అంటే వాగు. వాగు చేప అని అర్థం. ఇంట్లో అలా చెప్పండి. పంచాక్స్ అనే మాటైతే మనకి ఇంకా దగ్గరిది. 1822లో హామిల్టన్ గంగా నది చేపల గురించి రాస్తూ ఒక చిన్న చేపకు పెట్టిన పేరది. తర్వాత ఆఫ్రికా చేపలకు కూడా వ్యాపారులు అదే తగిలించారు.

బుడగలమెషీన్
మన పంచాక్స్‌పిచ్చి గారి పిచ్చి గంగ దాకా వెళ్ళిందన్నమాట.

మాప్‌మామ
పేర్ల గొడవ తేలింది కాబట్టి గుడ్ల సంగతికి వద్దాం. గాజుపెట్టె77, మూడు విషయాలు చెప్పు. మాప్ ఏ దారంతో చేశావు? గుడ్లు వేసిన డబ్బాలో ఎన్ని వేస్తున్నావు, తెల్లబడ్డవి ఎప్పుడు తీస్తున్నావు? ఏ నీళ్ళు?

గాజుపెట్టె77
దారం నూలుది. ఇంట్లో ఉన్న తెల్ల నూలు దారం. డబ్బా ఒక్కటే, అన్నీ అందులోనే. తెల్లవి వారానికోసారి తీస్తున్నా. నీళ్ళు కుళాయివే, క్లోరిన్ పోయేదాకా ఉంచి వాడతాను.

మాప్‌మామ
దొరికావు. నూలు దారం నీళ్ళలో కుళ్ళుతుంది. ఆ కుళ్ళు మీద బ్యాక్టీరియా, దాని మీద బూజు. ఆక్రిలిక్ ఊలు తీసుకో, ముదురు ఆకుపచ్చ అయితే గుడ్లు కంటికి బాగా కనిపిస్తాయి. వేడినీళ్ళలో ఒకసారి మరిగించి, రంగు వదలడం ఆగేదాకా కడుగు. ఓ జానెడు పొడుగు దారాలు నలభై యాభై కట్టి, పైన బెండు ముక్క బిగించి తేలనివ్వు. డగెటి ఉపరితలం చేప, పైన రెండు మూడు అంగుళాల్లోనే గుడ్లు పెడుతుంది.

గుడ్డును వేళ్ళతోనే తీయి, భయపడకు. కిల్లీ గుడ్డు పెంకు గట్టిది. వేళ్ళ మధ్య చితికిపోయిందంటే అది ఎలాగూ ఫలించని గుడ్డే, పోతే పోయింది. డబ్బాలో అడుగున ఒక్క వరుసగా, ఒకదానికొకటి తగలకుండా పరచు. తెల్లబడ్డది రోజూ తీసేయాలి. వారానికోసారి అంటే పక్కన ఉన్న నాలుగింటికి అది బూజు అంటించాక తీస్తున్నావన్నమాట. నీళ్ళలో మెథిలీన్ బ్లూ, అంటే బూజును ఆపే నీలి మందు, ఒక చుక్క, లేత ఆకాశం రంగు వచ్చేంత. చచ్చిన గుడ్డు ముదురు నీలం తాగేస్తుంది, బతికింది తాగదు. అలా గుర్తుపట్టడం కూడా సులువు.

సున్నపునీళ్ళు
మెథిలీన్ బ్లూ అక్కర్లేదు. నేను ఒక్క చుక్క కూడా వాడను. ట్యాంక్ నీళ్ళే వేసి, జావా మాస్ అనే నాచు తునక చిన్నది వేస్తా. బూజు రాదు.

మాప్‌మామ
మీకు రాదేమో. అతనికి వస్తోంది కదా.

నాచుతోట
అసలీ మాప్‌లు, వేళ్ళతో ఏరడాలు ఎందుకండీ? చేపకు ట్యాంక్ నిండా తేలే మొక్కలు వేసేయండి. హార్న్‌వోర్ట్ గుబురుగా, కింద జావా మాస్. పెద్దవాటికి కడుపు నిండా తిండి. గుడ్లు వాటికవే పొదుగుతాయి, పిల్లలు పైన తేలుతూ కనిపిస్తాయి, చిన్న గిన్నెతో ముంచుకోవడమే. రెండేళ్ళుగా నా డగెటిలు అలాగే ఉన్నాయి. నేను ఒక్క గుడ్డు కూడా చేత్తో ముట్టుకోలేదు.

మాప్‌మామ
ఎన్ని పిల్లలు దక్కాయి, రెండేళ్ళలో?

నాచుతోట
లెక్కపెట్టలేదు. ఇప్పుడు ట్యాంక్‌లో 14 ఉన్నాయి.

మాప్‌మామ
నాకు ఒక మంచి నెలలో అంతకు రెట్టింపు వస్తాయి.

నాచుతోట
మీకు పిల్లలు కావాలి, నాకు చేపలు కావాలి. తేడా అంతే 🙂

రాత్రిగుడ్లగూబ
నాచుతోట గారి పద్ధతిలో ఒక చిక్కుంది. నెల వయసు పిల్ల, వారం వయసు పిల్లను మింగేస్తుంది. వీటి నోరు చూశారుగా, చిన్న సైజు మొసలి. నా దగ్గర మూడు పెద్ద పిల్లలు కలిసి ఓ ఇరవైని మాయం చేశాయి, నేను మూడు రోజులు ఫిల్టర్‌ని తిట్టుకున్నా. ముంచుకుంటే సైజు ప్రకారం వేరు చేయాలి.

పంచాక్స్‌పిచ్చి
ఆ పదింటిలో కళ్ళు కనిపించి కూడా ఎందుకు పొదగలేదో ఎవరూ చెప్పలేదు. కళ్ళు బంగారు ఉంగరంలా మెరుస్తూ లోపల పిల్ల అప్పుడప్పుడూ తిరుగుతుంటే అది సిద్ధంగా ఉన్నట్టే. అది పెంకును కరిగించే ఎంజైమ్ వదలాలి, దానికి ఒక ప్రేరణ కావాలి. నీళ్ళలో ఆక్సిజన్ తగ్గడమే ఆ ప్రేరణ. మీరు శుభ్రమైన నీళ్ళలో పలచగా పరిచి ఉంచితే ఆక్సిజన్ బాగా అందుతుంది, లోపలిది హాయిగా పడుకుంటుంది. అలా ఎక్కువ రోజులుంటే నీరసపడి లోపలే చచ్చిపోతుంది.

చిన్న సీసాలో సగానికి పైగా నీళ్ళు పోసి, గుడ్లు వేసి, మూత పెట్టి జేబులో వేసుకుని ఓ గంటా రెండు గంటలు తిరగండి. ఒంటి వేడికి, కదలికకు, ఆక్సిజన్ తగ్గడానికి టపటపా పొదుగుతాయి. గంటకోసారి చూస్తుండాలి, పొదిగిన వెంటనే బయటికి పోసేయాలి.

తోకచుక్క
జేబులోనా? ఆఫీసులో ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి?

రాత్రిగుడ్లగూబ
కాన్పు దగ్గరపడిందని చెప్పు.

కొలనుగట్టు
నేను స్ట్రాతో సీసాలోకి ఊపిరి ఊదుతా. అదీ పనిచేస్తుంది. జేబు కన్నా గౌరవంగా ఉంటుంది.

పీట్‌సంచి
ఇన్ని చెప్పారు గానీ తడి పీట్ (కుళ్ళిన నాచు మట్టి) గురించి ఒక్కరూ అనలేదు. నా గార్డ్నెరి గుడ్లు తడి పీట్‌లో పెట్టి, సంచి కట్టి, మూడు నాలుగు వారాల తర్వాత నీళ్ళు పోస్తాను. అన్నీ ఒకే రోజు పొదుగుతాయి, అన్నీ ఒకే సైజు. ఒకదాన్నొకటి తినే గొడవే ఉండదు. డగెటికి కూడా అదే చేయండి.

మాప్‌మామ
గార్డ్నెరికి సరే. అది నీళ్ళలోనూ పొదుగుతుంది, పీట్‌లోనూ పొదుగుతుంది, రెండు విధాలా బతుకుతుంది. డగెటి ఏడాది పొడవునా తేమగా ఉండే తీర అడవి వాగులు, చిత్తడి నేలల చేప. దాని గుడ్డుకి ఎండిన మట్టిలో నిద్రపోయే అలవాటు లేదు. నీళ్ళలోనే ఉంచు. 25 డిగ్రీల దగ్గర నాకు 9 నుంచి 12 రోజుల్లో పొదుగుతాయి. చలి రోజుల్లో రెండు వారాలు దాటినా కంగారు పడను.

పీట్‌సంచి
నేను డగెటితో ప్రయత్నించలేదు, అది నిజమే. సరే, ఒప్పుకుంటున్నా. పీట్ మీద ప్రేమ కొద్దీ అన్నా.

నీలిరెక్క
ఆగండాగండి. గాజుపెట్టె77 గారూ, మీ మూడో ఫోటో, అంటే మొత్తం ట్యాంక్ ఫోటో, పెద్దది చేసి చూశాను. వెనక మూలన ఉన్న ఆడది మీరు తర్వాత తెచ్చినదేనా?

గాజుపెట్టె77
అవునండీ, అదే. కొంచెం లావుగా ఉంది. ఎందుకు?

నీలిరెక్క
దాని వీపు రెక్క ఎక్కడ మొదలవుతోందో చూడండి. ఎపిప్లాటిస్ ప్రజాతి చేపలకి వీపు రెక్క చాలా వెనక ఉంటుంది. కింద మలద్వారం వెనకున్న రెక్క ఉంది కదా, అది సగం దాటాక గానీ పైన వీపు రెక్క మొదలవదు. మీ మగదానికీ మొదటి ఆడదానికీ అలాగే ఉంది. ఈ రెండోదానికి వీపు రెక్క బాగా ముందుకొచ్చింది, దాదాపు కింది రెక్క మొదలైన చోటే పైనా మొదలైంది. తల కూడా అంత బల్లపరుపుగా లేదు, గుండ్రంగా ఉంది. ఒంటి మీద పట్టీలు లేవు, గోధుమరంగు మీద చుక్కలు.

నా లెక్కలో అది డగెటి కానే కాదు.

పంచాక్స్‌పిచ్చి
నేనిప్పుడు చూశా. నీలిరెక్క గారు చెప్పింది నిజం. మగదాన్నే చూస్తూ కూర్చుని ఇది గమనించలేదు, నాదే తప్పు. అది ఫండులోపంచాక్స్ అనే వేరే ప్రజాతి వైపు చేప. బహుశా గార్డ్నెరి ఆడది.

తోకచుక్క
నేను మొదటి రిప్లైలోనే గార్డ్నెరి అన్నాను.

తోకచుక్క
కళ్ళు మూసుకుని మరీ.

మాప్‌మామ
😂 ఇది మాత్రం భరించాల్సిందే. చేప తప్పు, జవాబు రైటు.

గాజుపెట్టె77
నాకు నవ్వాలో ఏడవాలో తెలియట్లేదు. "కిల్లీ ఆడది ఒకటి ఉంది, ఇదీ అదే" అంటే తెచ్చేసుకున్నా. ఆడవన్నీ ఒకేలా గోధుమరంగులో ఉంటాయి, నాకేం తెలుస్తుంది?

అయితే ఒక సంగతి ఇప్పుడు వెలుగుతోంది. తెల్లబడే గుడ్లలో చాలావరకు మాప్ కింది కొసల్లో, నేలకు ఆనుకున్న దారాల్లో దొరుకుతున్నాయి. పైన దొరికేవి తక్కువ. కళ్ళు వచ్చిన ఆ పది కూడా పైనుంచి తీసినవే అని గుర్తు.

నీలిరెక్క
ఇంకేం కావాలి? పైన పెట్టేది డగెటి ఆడది, కింద పెట్టేది గార్డ్నెరి ఆడది. దానికి జోడు మగది లేదు. గుడ్లు కడుపులో నిండితే పెట్టేస్తుంది, ఫలించకుండానే. ఆ ఫలించని గుడ్లన్నీ మీ ఒకే డబ్బాలో బూజు పట్టి, మంచి గుడ్లను కూడా లాక్కుపోతున్నాయి.

సున్నపునీళ్ళు
డగెటి మగది, గార్డ్నెరి ఆడది కలిసి సంకరం పుట్టదా? ఆసక్తి కొద్దీ అడుగుతున్నా.

పాతఅట్లాస్
అవి వేరు వేరు ప్రజాతులు, ఆ ఆశ పెట్టుకోకండి. దగ్గరి బంధువుల మధ్యే గొడవలున్నాయి. డెన్మార్క్‌కు చెందిన షీల్ 1960ల్లో పశ్చిమ ఆఫ్రికా కిల్లీలను ఒకదానితో ఒకటి కలిపి చూశాడు, క్రోమోజోములు లెక్కపెట్టాడు. బయటికి ఒకేలా కనిపించేవాటిలో లోపల తేడాలుండటం, వాటి సంకర పిల్లలు గొడ్డుపోవడం చూశాడు. వేరే ఊరి గార్డ్నెరిని తెచ్చి కలపొద్దని చాదస్తంగా చెప్పేది అందుకే.

నాచుతోట
ఆ గార్డ్నెరి ఆడదాన్ని ఏం చేస్తారు మరి?

పీట్‌సంచి
నాకు పంపమనండి అని అనబోయాను గానీ దాని ఊరు తెలియదు కదా, నా వాటితో కలపలేను. దానికి విడిగా ఒక చిన్న ట్యాంక్ ఇవ్వండి, పాపం. ఒంటరిగా కూడా చక్కగా బతుకుతుంది.

గాజుపెట్టె77
ఇచ్చేశాను. ఇప్పుడే వేరు చేశా. ఆక్రిలిక్ ఊలు మాప్ కూడా కట్టాను, మరిగిస్తే కప్పునిండా పచ్చ రంగు దిగింది. మూడు నీళ్ళు కడిగాక ఆగింది. పిల్లలు పొదిగితే వాటికి ఏం పెట్టాలో కూడా చెప్పేయండి, మళ్ళీ థ్రెడ్ తెరవడం ఎందుకు.

బుడగలమెషీన్
ఆర్టీమియా, అంటే ఉప్పునీటి చిట్టి రొయ్యల పిల్లలు. పొదిగిన రోజే పెట్టొచ్చు.

రాత్రిగుడ్లగూబ
గార్డ్నెరి పిల్లకైతే పొదిగిన రోజే సరే. డగెటి పిల్ల సన్నం. నాకు సగం పిల్లలు మొదటి రోజు ఆర్టీమియాని నోట్లో పెట్టుకుని ఉమ్మేశాయి. మొదటి నాలుగైదు రోజులు ఇన్ఫ్యూసోరియా (కంటికి ఆననంత చిన్న నీటి జీవులు), దాంతోపాటు వెనిగర్ పురుగులు. వెనిగర్ పురుగులెందుకంటే అవి నీళ్ళలో పైనే ఈదుతూ చాలాసేపు బతికుంటాయి, ఈ పిల్లలూ పైనే ఉంటాయి. మైక్రోవార్మ్ అనే సన్న పురుగులు వేస్తే అడుగుకి పోతాయి, పిల్ల దాని కోసం కిందికి దిగదు. అడుగున కుళ్ళి నీళ్ళు పాడవుతాయి. వారం తర్వాత ఆర్టీమియా. పొట్ట నారింజ రంగులో కనిపిస్తే తిన్నట్టు.

మాప్‌మామ
ఇది నూటికి నూరు పాళ్ళూ నిజం. ఇంకొకటి, తినగా మిగిలిన ఆర్టీమియాని అలా వదిలేయకు. కిల్లీ పిల్లలకు వెల్వెట్ జబ్బు పట్టడానికి మురికి నీళ్ళకు మించిన దారి లేదు. ఒంటి మీద బంగారు పొడి చల్లినట్టు కనిపించేసరికి ఆలస్యమైపోతుంది. నేను ముందే 5 లీటర్లకు ఒక చెంచా ఉప్పు వేస్తా.

సున్నపునీళ్ళు
అడవి వాగు చేపకు ఉప్పు ఎందుకు? మెత్తటి నీళ్ళు, రోజూ కొంచెం నీళ్ళ మార్పు, చాలు.

మాప్‌మామ
మీ పేరేమో సున్నపునీళ్ళు, సలహాలేమో మెత్తటి నీళ్ళు.

సున్నపునీళ్ళు
పేరు పెట్టుకున్నది మా కుళాయిని తలుచుకుని 😐 నిజానికి ఆ గట్టి నీళ్ళలోనే ఇవి మూడు తరాలు పెరిగాయి. డగెటి అంత సుకుమారం కాదు.

కొలనుగట్టు
మూత మర్చిపోకండి. ఫిల్టర్ పైపు దూర్చే కంత చాలు, దాంట్లోంచి దూకేస్తుంది. నాది ఒకటి వైరు పక్కన ఉన్న వేలెడు సందులోంచి పోయింది. స్పాంజి ముక్కలు కుక్కి పెట్టాను ఇప్పుడు.

గాజుపెట్టె77
(25 రోజుల తర్వాత)
రిపోర్ట్. కొత్త మాప్ నుంచి మొదటి రెండు వారాల్లో 41 గుడ్లు. అన్నీ పైభాగంలోనే దొరికాయి. తెల్లబడినవి 9, రోజూ తీసేశాను. ఫోన్ కెమెరాకి భూతద్దం ఆనించి చూస్తే 27 గుడ్లలో కళ్ళు. తొమ్మిదో రోజు నుంచి వాటంతట అవే 16 పొదిగాయి. కదలకుండా ఉండిపోయిన 7 గుడ్లను సీసాలో వేసి జేబులో పెట్టుకుని తిరిగాను, 5 పొదిగాయి. అందులో ఒకటి పైకి తేలలేక అడుగున పాకుతోంది. మిగతా 20 అద్దం లాంటి గిన్నెలో పైన గీతల్లా తేలుతున్నాయి.

మాప్‌మామ
శభాష్. ఆ పాకేది కోలుకోదు, గాలితిత్తి నిండలేదు. గుడ్డులో ఎక్కువ రోజులున్నవాటికి అలా అవుతుంది. వచ్చేసారి కళ్ళు బాగా మెరిసిన రెండు మూడు రోజులకే జేబులో వేసెయ్.

తోకచుక్క
జేబు సంగతి ఆఫీసులో ఎవరైనా అడిగారా?

గాజుపెట్టె77
అడిగారు. "పిల్లలు" అన్నాను. ఇంకెవరూ ఏమీ అడగలేదు.

ఇక చివరి సందేహం. గిన్నె మీద లేబుల్ రాయాలి. ఏం రాయను? డగెటి మన్రోవియే అని రాయొచ్చా?

పంచాక్స్‌పిచ్చి
రాయొచ్చు. గొంతు అంత ఎర్రగా ఉంటే ఇంకేమీ కాదు. మొదట దిగుమతైన చేపల వంశంలోదే అయ్యుంటుంది.

పాతఅట్లాస్
నేను ఒప్పుకోను. అయ్యుంటుంది అనేది లేబుల్ మీదికి ఎక్కకూడదు. 1908లో కూడా ఎవరో అయ్యుంటుందనే కదా చాపెరి అని రాసింది. "ఎపిప్లాటిస్ డగెటి, ఎర్ర గొంతు, ఊరు తెలియదు" అని రాయండి.

పంచాక్స్‌పిచ్చి
మరీ అంత పట్టుదల అయితే సగం ప్రపంచం ట్యాంకుల మీద "తెలియదు" అనే రాయాలి.

పాతఅట్లాస్
రాయాలి మరి.

నీలిరెక్క
మీరిద్దరూ తేల్చుకునేసరికి ఆ పిల్లలు గుడ్లు పెట్టేస్తాయి.

గాజుపెట్టె77
రెండూ కలిపి రాశాను. "డగెటి, ఎర్ర గొంతు, ఊరు తెలియదు". కింద చిన్న అక్షరాలతో "పంచాక్స్‌పిచ్చి గారైతే మన్రోవియే అంటారు". గార్డ్నెరి ఆడదాని ట్యాంక్ మీద "కళ్ళు మూసుకుని చెప్పిన చేప" అని రాశాను.

తోకచుక్క
ఫోటో పెట్టండి. ఫ్రేమ్ కట్టించుకుంటా.

రాత్రిగుడ్లగూబ
నేను కూడా ఇవాళ లేబుల్ మార్చా. నాలుగేళ్ళ జిగురు, స్టిక్కర్ రాలేదు. గోకితే "చాపె" పోయి "రి" మాత్రం మిగిలింది.